పవర్ హౌస్ సంజీవరావు ట్రాక్టరు

మా ఇంట్లో బల్బు మార్చాలంటే అందరం కాసేపు చీకట్లో కూర్చోవాలి. మా మామయ్య సంజీవరావు గారు ముందు మెయిన్ ఆపుతారు. తర్వాత ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటారు. టెస్టరు పెట్టి చూస్తారు. బోర్డుకి ఒక ఎర్ర అట్టముక్క తగిలిస్తారు. దాని మీద "మనిషి పనిలో ఉన్నాడు" అని ఆయన చేత్తో రాసి ఉంటుంది. అప్పుడు గానీ స్టూలెక్కరు. దిగాక, ఇంట్లో ఎవరున్నా లేకపోయినా, "మనిషి దిగాడు, లైను ఇస్తున్నా" అని గట్టిగా చెప్పి ఫ్యూజు పెడతారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. మా హెప్సి పుట్టి, పాకి, ప్లగ్గు బొక్కల్లో వేళ్ళు పెట్టడం మొదలెట్టాక ఆ నవ్వు పోయింది. పిల్ల తిరిగే ఇంట్లో ఇలాంటి మనిషి ఉండటం మంచిదే అనుకున్నాను.

ఆయన రిటైరయ్యేదాకా ఇబ్రహీంపట్నం పవర్ హౌస్‌లో ఎలక్ట్రీషియన్. మా పేటలో ఇంకో ఇద్దరు సంజీవరావులు ఉన్నారు కాబట్టి ఈయన పవర్ హౌస్ సంజీవరావు. ఆయన దగ్గర ఎవరు కూర్చున్నా కాసేపటికి ఎర్త్ గురించి వినక తప్పదు. లైను ఆపితే సరిపోదట. ఆపిన లైనుని ఒక తీగతో భూమికి కట్టాలి. ఎక్కడో ఎవరో తెలియక స్విచ్ వేసినా ఆ కరెంటు భూమిలోకి పోతుంది గానీ పనిచేసేవాడి ఒంట్లోకి రాదు. పని అయ్యాక ఆ తీగ విప్పాలి. కట్టినవాడే విప్పాలి. విప్పానని అక్కడున్న వాళ్ళందరూ వినేలా చెప్పాలి. అప్పుడే మళ్ళీ లైను.

"ఎర్త్ కట్టి మర్చిపోయినవాడు ఎలక్ట్రీషియన్ కాదమ్మా. వాడు ఇక ఇస్త్రీపెట్టె కూడా ముట్టుకోకూడదు" అనేవారు.

రిటైరయ్యాక ఆయన తనకోసం కొనుక్కున్నది ఒక పాత ట్రాక్టరు. రామకోటేశ్వరరావు గారని మా పక్క ఊళ్ళో పెద్ద రైతు ఉండేవారు. వాళ్ళ పొలంలో మామయ్య వాళ్ళమ్మ నాట్లు వేసేది. గట్టు మీద కూర్చోబెట్టిన పిల్లవాడు రోజంతా ఆ ట్రాక్టరునే చూస్తూ ఉండేవాడట. ఆ పెద్దాయన పోయాక కొడుకులు దాన్ని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తున్నారని తెలిసి, మామయ్య దారిలో ఎదురెళ్ళి తెచ్చేసుకున్నారు. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి అందులో పెట్టారు.

ఇప్పటి ట్రాక్టర్లు డీజిల్‌తో నడుస్తాయి, వాటికి ప్లగ్గులతో పనిలేదు. ఇది పెట్రోలుతో అంటుకుని, వేడెక్కాక కిరసనాయిలుకి మారే కాలం నాటిది. బ్యాటరీ ఉండదు. ముందునుంచి హ్యాండిలు పెట్టి తిప్పితే లోపల మాగ్నెటో తిరిగి తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. ఆ కరెంటు ప్లగ్గు కొనలో నిప్పురవ్వ అయి పెట్రోలుని అంటిస్తుంది. కిరసనాయిలు ఇప్పుడు ఎవరిస్తున్నారు? అందుకని అంతా పెట్రోలు మీదే.

బండి వచ్చిన మర్నాడే ఆమోసు తాత కూడా వచ్చాడు. హెప్సికి తాత కాబట్టి నాకూ తాతే. రామకోటేశ్వరరావు గారి దగ్గర ఆ ట్రాక్టరుని చాలా ఏళ్ళు నడిపిన డ్రైవరు ఆయన. మామయ్యకి వరసకి బావ. మనిషి బక్కగా ఉంటాడు గానీ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"ఏవయ్యా పవర్ హౌసూ, దీని మొహం కడిగావు గానీ చెవులు కడగలేదే!"

"ముందు నీ చెవులు కడుక్కో బావా. నేను పిలిచి ఎంతసేపయింది?"

"వచ్చేవాణ్ణే. మీ చెల్లెలు వదలందే. ఆ ముసలి బండికిచ్చిన ముద్దులు నాకిస్తే ఈపాటికి కోటలు కట్టేదాన్నంది."

రోజూ ఇదే. సైకిలు గోడకి ఆనించి, టీ తాగి, ఇద్దరూ ఆ బండి కింద దూరేవాళ్ళు. ఒకసారి అది అంటుకుని టకటకమని నడిచిన రోజు ఆమోసు తాత చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకుని, పొగ పడిందన్నాడు.

పేటలో ఆయన గురించి ఒక పాత మాట ఉంది. నాకు మా అత్తయ్య చెప్పింది. రామకోటేశ్వరరావు గారింట్లో ఒక ఏడు పెట్రోలు డ్రమ్ము తగ్గిపోతూ వచ్చిందట. తాళం ఆమోసు దగ్గర ఉండేది కాబట్టి ఆమోసు అమ్ముకుంటున్నాడన్నారు, కల్లంలో కూలీలందరి ముందూ. తర్వాత చూస్తే డ్రమ్ము అడుగున అతుకు దగ్గర కారుతోంది. ఆ సంగతి ఆయన్ని లోపలికి పిలిచి చెప్పారు గానీ, కల్లంలో ఎవరూ చెప్పలేదు. ఆయన పని మానలేదు. మాట కూడా పోలేదు.

మా పేటలో కోత పండుగకి ఒక పద్ధతి ఉంది. నూర్పిళ్ళయ్యాక ప్రతి ఇంటి మొదటి బస్తానీ వీధి చివర ఒకే ట్రక్కులోకి ఎక్కిస్తారు. ట్రాక్టరు ముందు, పాటలు పాడుతూ జనం వెనక, అలా చర్చికి తీసుకెళ్తారు. పూర్వం ఆ ట్రక్కుని లాగింది ఈ బండే, నడిపింది ఆమోసే. అది మూలపడ్డాక మా పేట కుర్రాడు ఎలీషా కొత్త ట్రాక్టరుతో లాగిస్తున్నారు. ఈసారి పాత బండే వస్తుందని, ఆమోసే నడుపుతాడని మామయ్య పాస్టరు అబ్రహాము గారికి మాటిచ్చారు. ఆమోసు తాత తెల్లచొక్కా కుట్టించుకున్నాడు.

నా భయం వేరే. నవంబరులో ఒక సాయంత్రం చూస్తే హెప్సి ఆ బండి సీటు మీద నిలబడి స్టీరింగు పట్టుకుని ఊగుతోంది. పిల్లకి ఇంకా మూడేళ్ళు నిండలేదు. నేను ఫిజిక్సు చదువుకున్నాను, పెళ్ళికి ముందు విజయవాడలో పాఠాలు కూడా చెప్పాను. తెలిసినవాళ్ళకి భయం తక్కువంటారు. నాకేమో హ్యాండిలు ఎదురు తిరిగితే దాని వేగమెంతో, గేరులో ఉన్న బండి అంటుకుంటే ఎంత దూరం పోతుందో అన్నీ లెక్క కట్టినట్టు కళ్ళ ముందు కనిపిస్తాయి. పిల్లని దింపి మామయ్య మీద అరిచాను.

"ఎవరో ఆడుతూ ఆ హ్యాండిలు తిప్పారనుకోండి, ఇది పైనుందనుకోండి, అప్పుడు?"

"కంగారు పడకమ్మా క్రిస్టినా. నేను చూసుకుంటా."

చీకటి పడేదాకా షెడ్డులో ఉండి వచ్చి, "ఇక పిల్ల ఎక్కినా భయంలేదు" అన్నారు. ఏం చేశారని నేను అడగలేదు. హ్యాండిలు దాచారేమో అనుకున్నాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయనకి కంటిలో శుక్లం తీయించాం. దుమ్ములోకి, నూనె పనుల్లోకి వెళ్ళొద్దని, వంగొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని ఆయన విలవిల్లాడిపోయారు. షెడ్డు తాళం ఆమోసు తాతకిచ్చారు. తాత వచ్చి బండి తుడిచి, గ్రీజు పెట్టి, "నీ బండి పెళ్ళికూతురిలా ఉంది, నువ్వే దిష్టిబొమ్మలా ఉన్నావు" అని వెళ్ళేవాడు.

క్రిస్మస్ వెళ్ళింది. కోత పండుగ దగ్గరికొస్తోందనగా డాక్టరు సరేనన్నారు. మామయ్య షెడ్డులోకి వెళ్ళి, పెట్రోలు పోసి, ఆమోసు తాతని హ్యాండిలు తిప్పమన్నారు. తాత తిప్పాడు. ఇంజను ఉసూరుమంది. మళ్ళీ తిప్పాడు. అంతే. ఇద్దరూ మార్చి మార్చి తిప్పి, చెమటలు కక్కుతూ గోడకి చేరగిలబడ్డారు.

హెప్సి పడుకున్నప్పుడల్లా నేనూ వెళ్ళి చేయి వేశాను. పెట్రోలు వస్తోంది, ప్లగ్గు విప్పితే తడిగానే ఉంది. అంటే రావాల్సింది నిప్పే. ప్లగ్గుని తీగతో సహా ఇంజను మీద పడుకోబెట్టి, పైన తువ్వాలు కప్పి నీడ చేసి, తాత హ్యాండిలు తిప్పుతుంటే నేను తల లోపల పెట్టి చూశాను. చీకటి తప్ప ఏమీ లేదు. విజయవాడ వన్ టౌన్ నుంచి కొత్త ప్లగ్గులు తెప్పించాం. వాటి సంగతీ అంతే. మాగ్నెటో మూత తీసి, లోపల కరెంటుని కలిపి తెంచే సీబీ పాయింట్లని సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, మధ్య సందుని గేజితో సరిచేశాం. లేదు.

ఈ బండిని ఆపడానికి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే మాగ్నెటో కరెంటు నేరుగా బండి ఇనుములోకి పోతుంది, ప్లగ్గుకి ఏమీ మిగలదు, ఇంజను ఆగుతుంది. ఆ బటనే లోపల అతుక్కుపోయిందేమో అన్నాను. మామయ్య మెచ్చుకుని, బటన్ దగ్గర తీగ ఊడదీసి పక్కన పెట్టారు. అయినా నిప్పు లేదు. ఆ అనుమానం తీరిపోయిందనుకున్నాం.

ఇక మిగిలింది మాగ్నెటో. వంగి బోల్టులు విప్పడానికి మామయ్య కన్ను ఒప్పుకోలేదు. ఆమోసు తాతే విప్పాడు. దాన్ని గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఇద్దరూ బస్సులో ఆటోనగర్ వెళ్ళారు. కండక్టరు సంచి చూసి కోడా అని అడిగాడట.

"కోడే బాబూ. గుడ్లు పెట్టదు, నిప్పులు పెడుద్ది. ఇప్పుడది కూడా మానేసింది" అన్నాడట తాత.

అక్కడ ఒక పాత షాపులో దాన్ని బిగించి చేత్తో తిప్పగానే తీగ కొనల మధ్య నీలంగా టక్కుమని రవ్వ దూకింది. దీనికేం జబ్బు లేదన్నాడు షాపాయన. సంబరంగా వచ్చి తాత మళ్ళీ బిగించాడు. తిప్పాడు. తువ్వాలు కింద మళ్ళీ చీకటే.

ఆ సాయంత్రం ఒక మాట అన్నది నేనే. "నడిచేది ఆగిపోయిందంటే, చివరగా ఏం మారిందో చూడాలి మామయ్యా. నడిచినప్పటికీ ఇప్పటికీ మధ్యలో ఏం జరిగింది?" అన్నాను. పద్ధతి తప్పు కాదు. కానీ ఆ మధ్యలో షెడ్డులోకి వెళ్ళింది ఎవరని వెతికితే మా ఇద్దరికీ ఒకే మనిషి కనిపించాడు. మామయ్య మడ్‌గార్డు మీద ఆమోసు తాత ఆరేసిన నూనెగుడ్డ వంక చూస్తూ ఉండిపోయారు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పండుగ ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. అందరూ అక్కడే ఉన్నారు. ఎలీషా నవ్వుతూ అన్నాడు:

"అన్నేళ్ళు ఊళ్ళన్నిటికీ కరెంటిచ్చావు గదా బాబాయ్, నీ బండికి ఒక్క రవ్వ ఇవ్వలేకపోతన్నావా? పోనీ నా బండి కడిగి పెట్టనా?"

జనం నవ్వారు. అందరికంటే గట్టిగా ఆమోసు తాత నవ్వాడు. "మా బామ్మర్దికి పెద్ద కరెంటే తెలుసురా. చిన్నది ఆయన మాట వినదు" అన్నాడు.

మామయ్య మొహం నల్లబడింది.

"నేను కళ్ళకి కట్టు కట్టుకుని పడుంటే షెడ్డు తాళం ఎవరి దగ్గరుంది?" అన్నారు. "లోపల ఏ సామాను ఉందో, ఏది పోయిందో, దాని బదులు ఏ చెత్త పెట్టారో నాకేం తెలుసు? కొందరికి తాళం చేతికిస్తే చాలు గదా."

నవ్వులు ఆగిపోయాయి. పాస్టరు గారు "సంజీవరావు గారూ" అంటూ చేయి ఎత్తారు గానీ అప్పటికే మాట అందరి చెవుల్లోనూ పడింది. కల్లం నాటి కథ తెలియనివాళ్ళు ఆ ఆవరణలో లేరు.

ఆమోసు తాత నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు.

"తీసినవి తీసినట్టే పెట్టాను సంజీవరావూ" అన్నాడు. బామ్మర్దీ అనలేదు, పవర్ హౌసూ అనలేదు. "ఎన్ని తీగలుంటే అన్ని తీగలూ పెట్టాను. లేనిది తేలేదు, ఉన్నది తియ్యలేదు."

సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన భార్య అమలమ్మ వచ్చింది. తాళం చెవి కొంగుకి కట్టుకుని తెచ్చింది. ముడి విప్పి వరండా గట్టు మీద పెట్టింది.

"టీ తాగి వెళ్ళండి అత్తయ్యా" అన్నాను.

"వద్దమ్మా." మామయ్య వైపు తిరిగింది. "అన్నయ్యా, పోయినసారి పెట్రోలన్నారు. ఈసారేంటో చెప్తే వెళ్ళి ఆయనకి చెప్తా. తనేం దొంగిలించాడో ఆయనకి తెలియట్లా."

మామయ్య పేపరు దించలేదు.

"తెల్లచొక్కా పెట్టెలో పెట్టేశాడు" అని వెళ్ళిపోయింది.

ఆ వారం మామయ్య ఒక్కరే షెడ్డులో కూర్చునేవారు. తిప్పేవాళ్ళు లేరు. తన మాట నిజమని చూపించడానికి ఏదో ఒక పార్టు మారినట్టు దొరకాలి. మాగ్నెటో మూత తీసి చూడటం, పెట్టడం. ఏదీ మారినట్టు లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు, నేను గమనించాను.

శుక్రవారం మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి తిరిగి చూసేసరికి హెప్సి లేదు. పరిగెత్తాను. అది మళ్ళీ ఆ సీటు మీదే ఉంది. మామయ్య ముందు వైపు నిలబడి హ్యాండిలు పెట్టి తిప్పబోతున్నారు, దాన్ని చూసుకోలేదు.

"మామయ్యా! పిల్ల పైనుంది!"

ఆయన ఉలిక్కిపడి హ్యాండిలు వదిలేశారు. నేను పిల్లని లాక్కుని రొమ్ముకి అదుముకున్నాను. నోటికొచ్చినదల్లా అన్నాను. ఆయన నన్ను ఊరడించబోయారు, ఎప్పటిలాగే.

"ఏం కాదమ్మా, ఏం కాదు. ఎవరెంత తిప్పినా ఇది అంటుకోదు. పిల్ల ఎక్కుతుందనే గదా నేను దీనికి ఎర్త్..."

అక్కడ ఆగిపోయారు.

నోరు తెరిచే ఉంది. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చి ఆయన ముందే నిలబడ్డట్టు చూశారు. మెల్లగా వంగి, డాక్టరు వంగొద్దన్న సంగతి మరిచి, మాగ్నెటో వెనకకి చేయి పెట్టి తడిమారు. నేను పిల్లతోనే వంగి చూశాను. వెనక పక్క నట్టు కింద రెండు తీగలున్నాయి. ఒకటి ఆపే బటన్ దగ్గరికి పోతుంది. రెండోది జానెడు పచ్చ తీగ. అది కిందికి వెళ్ళి బండి ఇనుముకి ఒక బోల్టుతో, పొందికగా, వాషరు వేసి మరీ బిగించి ఉంది. మేము పైన బటన్ దగ్గర తీగ ఊడదీశాం గానీ ఇక్కడ ఇది ఉండగా ఎన్ని ఊడదీస్తే ఏం లాభం? పుట్టిన కరెంటంతా నేరుగా ఇనుములోకి పోతోంది. ఆటోనగర్‌లో ఈ తీగ లేదు, రవ్వ వచ్చింది. తిరిగొచ్చాక ఆమోసు తాత, తీగల సంగతి బామ్మర్దికే తెలుసని, నట్టు కింద రెండుండేవి కదా అని రెండూ పెట్టాడు. తీసినవి తీసినట్టే.

నవంబరు సాయంత్రం నేను అరిచినందుకు కట్టిన ఎర్త్ అది.

ఆయన నేల మీద కూలబడ్డారు. నేను నీళ్ళు తెచ్చిచ్చాను. గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు.

"ఇస్త్రీపెట్టె కూడా ముట్టుకోకూడదు" అన్నారు చివరికి.

నోటికి తేలికగా వచ్చినది చెప్పాను. "తీసేయండి మామయ్యా. మనిద్దరికే తెలుసు. పాయింట్లు శుభ్రం చేస్తే బాగైందని చెప్దాం. తాత దగ్గరికెళ్ళి క్షమించమని అడుగుదాం, చాలు."

ఆయన స్పానరు తీసుకున్నారు. నట్టు మీద పెట్టి కొంచెం వదులు చేశారు. మళ్ళీ బిగించేశారు. స్పానరు కింద పెట్టి చేతులు తుడుచుకున్నారు. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చోలేదు. మా ఆయన జయంత్ అడిగితే ఒంట్లో బాగాలేదన్నారు.

శనివారం పొద్దున్నే నన్ను తోడు రమ్మన్నారు. ఒంటరిగా ఆ వీధిలోంచి నడవలేకపోయారనుకుంటాను. హెప్సిని ఎత్తుకుని వెనకే వెళ్ళాను. ఆమోసు తాత వాకిట్లో మంచం మీద కూర్చుని సైకిలు చైనుకి నూనె వేస్తున్నాడు. తల ఎత్తలేదు. హెప్సి "తాతా" అని చేతులు చాపితే దాన్ని మాత్రం తీసుకున్నాడు.

"బావా, తప్పు నాది. నేనే ఎర్త్ కట్టాను. కట్టి మర్చిపోయాను. నువ్వు ఏదీ తియ్యలేదు."

తాత చాలాసేపు చైను తిప్పాడు.

"ఇది రామకోటేశ్వరరావు గారు కూడా చెప్పారయ్యా నాకు" అన్నాడు. "లోపలి గదిలోకి పిలిచి, తలుపేసి, మజ్జిగిచ్చి మరీ చెప్పారు. డ్రమ్ము కారిందిరా ఆమోసూ, ఏమనుకోకు అని. నేనేమనుకోలేదు. ఊరనుకుంది. నువ్వు చర్చి ముందన్నావు. ఇక్కడ మా గోడలకి చెప్పి నాకేం ఉపయోగం?"

"చెప్తాను బావా."

"చెప్పలేవు. నీకు పరువు ఎక్కువ." పిల్లని నాకిచ్చేశాడు. "వెళ్ళమ్మా, ఎండెక్కుతోంది."

ఆదివారం వీధి చివర బస్తాలు ట్రక్కులోకి ఎక్కుతున్నాయి. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు కూడా ఉన్నాయి. ఎలీషా తన కొత్త ట్రాక్టరు తెచ్చి సిద్ధంగా పెట్టాడు. మామయ్య మా వీధి వాళ్ళని నలుగురిని పిలిచి పాత బండిని తోయించుకుని తెచ్చారు. తోసుకొస్తున్న బండిని చూసి జనం నవ్వారు.

"ఏంటి బాబాయ్, దీన్ని కూడా బస్తాతో పాటు కానుకిచ్చేస్తావా?" అన్నాడు ఎలీషా.

అమలమ్మ ఆడవాళ్ళ మధ్య ఉంది. ఆమోసు తాత అందరికంటే వెనక, సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. మామూలు చొక్కాలోనే ఉన్నాడు.

మామయ్య మాగ్నెటో పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు. మా ఇంట్లో బల్బు మార్చాక అరిచే గొంతే. కానీ మొదటి మాట పీలగా వచ్చింది. పాస్టరు గారు చేయి చూపి పాట ఆపించారు.

"అందరూ వినండి. ఈ బండికి ఎర్త్ కట్టింది సంజీవరావు. నేనే. నవంబరులో నా చేతులతో కట్టాను. కట్టి మర్చిపోయాను. అందుకే నిప్పు రాలేదు. ఆమోసు నా బండిలోంచి ఏమీ తియ్యలేదు. పోయిన ఆదివారం ఆయన్ని దొంగన్నాను. అది అబద్ధం." ఊపిరి తీసుకున్నారు. "ఇంకోటి. రామకోటేశ్వరరావు గారి డ్రమ్ము కారింది. అతుకు దగ్గర. ఆయన తెలుసుకుని ఎవరికీ చెప్పలేదు. అప్పుడూ ఆమోసు తియ్యలేదు."

కోడిపుంజు ఒకటి రెక్కలు కొట్టుకుంది. ఎవరో నవ్వు ఆపుకోలేక తుమ్మినట్టు శబ్దం చేశారు. "ముప్పై ఏళ్ళ సర్వీసు" అని ఇంకెవరో గొణిగారు. నాకు చెవులు కాలిపోయాయి. మామయ్య మెడ వెనక ఎర్రబడటం నేను నిలబడ్డ చోటికి కనిపిస్తోంది. ఆయన వంగి, స్పానరుతో రెండు చివర్లూ విప్పి, ఆ పచ్చ తీగని తల పైకెత్తి పట్టుకున్నారు.

"ఎర్త్ తీశాను" అన్నారు.

జనం పక్కకి జరిగారు. ఆమోసు తాత సైకిలు స్టాండు వేసి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇంకెక్కడైనా కట్టావా, గుర్తు తెచ్చుకో. ఇది చర్చికి పోయే బండి. దారిలో ఆగితే మళ్ళీ నా పేరే చెప్తావు."

అందరూ గొల్లున నవ్వారు. మామయ్య హ్యాండిలు ఆయనకి అందించబోయారు. తాత తీసుకోలేదు. సీటెక్కి కూర్చున్నాడు.

"తిప్పేది నువ్వు."

ఆ వారంలో ఆయన మామయ్యతో చనువుగా అన్నవి ఆ మాటలే. మామయ్య తిప్పారు. ఊరుకుంది. మళ్ళీ తిప్పారు. దగ్గింది. ఇంకోసారి తిప్పగానే పొగ ఎగజిమ్మి టకటకమని అందుకుంది. హెప్సి నా మెడ పట్టుకుని కేరింతలు కొట్టింది. నేను దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాను. అంటుకున్న బండి ఎంత దూరం పోతుందో నాకు తెలుసు.

ఎప్పుడూ డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని వెళ్ళాలని మామయ్య అనుకునేవారు. ఆరోజు ఎక్కలేదు. ట్రక్కు వెనక, పాడేవాళ్ళకి కూడా వెనక, తల వంచుకుని నడిచారు. తాత వెనక్కి తిరిగి ఎక్కమనలేదు. అమలమ్మ మాత్రం నడక తగ్గించి ఆయనకి కొంచెం ముందుగా, ఒంటరిగా కనబడకుండా నడిచింది. చర్చి దగ్గర కానుకలు వేలం వేసినప్పుడు ఆయన ఒక గుమ్మడికాయ పాడబోయి, అందరూ తనవైపు చూసేసరికి మానుకున్నారు.

ఆమోసు తాత మళ్ళీ వస్తున్నాడు. సైకిలు గోడకి ఆనిస్తాడు, "ఏవయ్యా పవర్ హౌసూ" అంటాడు. మాటలు మునుపటిలానే ఉంటాయి. మామయ్య మాత్రం ఇదివరకులా ఎదురు జోకు వేయరు. మా ఇంట్లో బల్బు మార్చినప్పుడు ఎర్ర అట్టముక్క తగిలిస్తారు గానీ, దిగాక గట్టిగా చెప్పడం మానేశారు. నేనే చెప్తున్నాను.

ఆ పచ్చ తీగని ఆరోజు పండుగయ్యాక తాత అడిగి తీసుకున్నాడు. ఆయన సైకిలు వెనక మడ్‌గార్డు ఎప్పటినుంచో ఊగుతూ ఉండేది. దాన్ని ఈ తీగతో కట్టేసుకున్నాడు. వాషరు కూడా వేశాడు. సైకిలు సరిగ్గా మా వరండా ఎదురుగా నిలబడుతుంది. మామయ్య టీ గ్లాసు ఇవ్వడానికి బయటికొస్తారు. తీగ మీద చూపు పడకుండా గ్లాసు అందించాలని చూస్తారు. ఇంకా చేతకాలేదు. రోజూ కొంచెం టీ ఒలుకుతుంది.